పాత సీడీ ప్లేయర్ల పునరుద్ధరణ

పాత సీడీ ప్లేయర్ల పునరుద్ధరణ అనగా చాలాకాలంగా మూలపడి ఉన్న కాంపాక్ట్ డిస్కు ప్లేయర్లను శుభ్రపరచి, అవసరమైన భాగాలను మార్చి, తిరిగి పాడే స్థితికి తీసుకురావడం. 1982 నుండి 1990ల చివరి వరకు తయారైన యంత్రాలను అభిరుచి గలవారు సాధారణంగా పాత ప్లేయర్లుగా పరిగణిస్తారు. గ్రామఫోను, వాల్వు రేడియోల సేకరణతో పోలిస్తే ఈ అభిరుచి కొత్తది. మూలపడిన ప్లేయర్లలో చాలావాటికి ప్రాణం పోయి ఉండదు. గడ్డకట్టిన గ్రీజు, దుమ్ము, సాగిపోయిన రబ్బరు బెల్టు, ఎండిపోయిన కెపాసిటరు వంటి చిన్న కారణాల వలన అవి ఆగిపోయి ఉంటాయి. వీటన్నింటినీ సరిచేయవచ్చును. సరిచేయడానికి వీలుకానిది లేజరు ఒక్కటే. దాని ఆయుష్షు పరిమితమైనది, అసలు కంపెనీ విడిభాగాలు అనేక నమూనాలకు తయారు కావడం ఆగిపోయింది. కావున ఏ పని ముందు చేయాలి, ఏది చివరకు వాయిదా వేయాలి అన్న వరుసక్రమమే ఈ విద్యలో ప్రధానమైనది.

చరిత్ర

నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్, జపానుకు చెందిన సోనీ సంస్థలు 1979లో కలిసి పనిచేయనారంభించి 1980లో సీడీ ప్రమాణాలను ఖరారు చేశాయి. అట్ట రంగును బట్టి ఆ ప్రమాణ గ్రంథానికి రెడ్ బుక్ అని పేరు వచ్చింది. 1982 ఆగస్టు 17న అప్పటి పశ్చిమ జర్మనీలో, హానోవర్ సమీపాన గల లాంగెన్‌హాగెన్ కర్మాగారంలో డిస్కుల ఉత్పత్తి మొదలైంది. అదే సంవత్సరం అక్టోబరు 1న సోనీ సీడీపీ-101 అనే ప్లేయరు జపానులో విడుదలైంది. దాని ధర 1,68,000 యెన్‌లు. మరుసటి సంవత్సరం ఐరోపా, అమెరికాలలో ప్లేయర్ల అమ్మకాలు ప్రారంభమయ్యాయి. ఫిలిప్స్ వారి తొలి ప్లేయరు సీడీ100. సోనీ 1984లో డీ-50 అనే చేతిలో పట్టే ప్లేయరును తెచ్చింది.

ఈ రెండు సంస్థల తొలి యంత్రాలు ఒకే డిస్కును రెండు వేరు పద్ధతులలో చదివేవి. ఫిలిప్స్ యంత్రాలలో టీడీఏ1540 అనే 14 బిట్ల చిప్పు ఉండేది. డిస్కులోని సమాచారం 16 బిట్లది గనుక, నమూనాల వేగాన్ని నాలుగు రెట్లు పెంచి ఆ లోటును పూడ్చారు. సోనీ సీడీపీ-101లో 16 బిట్ల చిప్పు ఉన్నా, ఖర్చు తగ్గించడానికి ఒకే చిప్పును ఎడమ, కుడి ఛానెళ్లు వంతులవారీగా పంచుకొనేవి. దీని వలన రెండు ఛానెళ్ల మధ్య సుమారు 11 మైక్రోసెకన్ల తేడా వచ్చేది. ఫిలిప్స్ 1985లో తెచ్చిన 16 బిట్ల టీడీఏ1541 చిప్పు గల ప్లేయర్లను సేకర్తలు నేటికీ ప్రత్యేకంగా వెతుకుతారు.

తెలుగునాట

1980లలో భారతదేశంలో ఎలక్ట్రానిక్ వస్తువులపై దిగుమతి సుంకాలు చాలా ఎక్కువ. ఆనాడు తెలుగు ఇళ్లకు చేరిన సీడీ ప్లేయర్లలో అనేకం గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారు సెలవులకు వస్తూ తెచ్చినవి, లేదా అమెరికాలోని బంధువులు తెచ్చినవి. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత ఇవి బజారులో సులభంగా దొరకసాగాయి. అయినను సామాన్యుల ఇళ్లలో 1990ల చివరి వరకు క్యాసెట్టుదే రాజ్యం. ఆ తరువాత వచ్చినది కూడా విడిగా సీడీ ప్లేయరు కాదు, సినిమాలు చూడటానికి కొన్న వీసీడీ ప్లేయరు. అది పాటల సీడీలను కూడా పాడించేది. కాబట్టి తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలలోని ఒక సాధారణ పట్టణంలో అటక మీద నుండి దిగే పాత యంత్రం వీసీడీ ప్లేయరో, మూడు డిస్కులు పట్టే గల్ఫ్ మ్యూజిక్ సిస్టమో అయి ఉండే అవకాశమే ఎక్కువ. పునరుద్ధరణ సూత్రాలు వీటన్నింటికీ ఒకటే.

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు (2016 వరకు మెదక్ జిల్లా) ఇటువంటి పట్టణాలకు మంచి ఉదాహరణ. హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ముంబై రహదారిపై ఉన్న ఈ ప్రాంతం ఎఱ్ఱమట్టి నేలలకు ప్రసిద్ధి. యంత్రాల లోపలికి చేరేది కూడా ఆ మెత్తని ఎఱ్ఱదుమ్మే. వేసవి ఎండ, వోల్టేజి హెచ్చుతగ్గులు దానికి తోడవుతాయి. కాకినాడ, విశాఖపట్నం వంటి తీర పట్టణాలలో యంత్రాలు మరో విధంగా పాడవుతాయి. అక్కడ దుమ్ము కన్న ఉప్పుగాలి, తేమ ప్రమాదకరమైనవి. కనెక్టర్లు చిలుము పడతాయి, లెన్సుపై బూజు పేరుకుంటుంది. విడిభాగాల కొరకు జహీరాబాదు వంటి పట్టణాల మెకానిక్కులకు హైదరాబాదే దిక్కు. కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు, ఎర్రగడ్డలో ఆదివారం నాటి అంగడి, పురానాపూల్ సమీపంలోని జుమ్మేరాత్ బజారు పాత సామానుకు పేరుపొందాయి. ఎర్రగడ్డ జహీరాబాదు నుండి హైదరాబాదు వచ్చే దారిలోనే ఉన్నది.

ధ్వనిని భద్రపరచినంత మాత్రాన సరిపోదు, దానిని వినిపించే యంత్రం కూడా నిలవాలి. ఇదే ప్రాంతంలోని మాచనూరు గ్రామంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు నడిపే సంగం రేడియో ఇందుకు దగ్గరి దృష్టాంతం. 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలయ్యే వరకు అక్కడి మహిళలు తాము రికార్డు చేసిన కార్యక్రమాలను టేపు రికార్డరు ద్వారా గ్రామ సంఘాల సమావేశాలలో వినిపించేవారు. టేపుకు వర్తించిన ఈ సంగతి సీడీకి కూడా వర్తిస్తుంది.

పనిచేసే విధానం

సీడీ 120 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలీకార్బొనేట్ పళ్లెం. దాని పైభాగాన పలుచని అల్యూమినియం పూత, దానిపై రక్షణ లక్క, ఆపైన ముద్రణ ఉంటాయి. సమాచారం సూక్ష్మమైన గుంటల రూపంలో, లోపలి నుండి వెలుపలికి సాగే ఒకే సర్పిలాకార బాటలో ఉంటుంది. ఈ బాట వరుసల మధ్య దూరం 1.6 మైక్రాన్లు. పూర్తిగా నిండిన డిస్కులో ఆ బాటను సాగదీస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది.

780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ లేజరు కిరణం ఒక చిన్న లెన్సు గుండా ఈ బాటపై పడి, ప్రతిఫలించి, ఫోటో డయోడ్లకు చేరుతుంది. డిస్కు ఎంత బాగా తయారైనా తిరిగేటప్పుడు కొద్దిగా ఊగుతుంది. కావున లెన్సు సన్నని తీగచుట్టల సాయంతో పైకి కిందికి, పక్కలకు నిరంతరం కదులుతూ బాటను వెంబడిస్తుంది. లేజరు, లెన్సు, డయోడ్లు కలిసిన ఈ భాగాన్ని పికప్ అంటారు. మన మరమ్మతు దుకాణాలలో దీనిని మొత్తంగా లెన్సు అనే వ్యవహరిస్తారు. "లెన్సు పోయింది" అని మెకానిక్కు అంటే పికప్ అంతా మార్చాలని అర్థం. ఆ తీర్పు తరచు తొందరపాటుదే.

బాటపై వేగం సెకనుకు 1.2 నుండి 1.4 మీటర్ల మధ్య స్థిరంగా ఉండాలి. అందువలన లోపలి అంచు వద్ద డిస్కు నిమిషానికి సుమారు 500 సార్లు, వెలుపలి అంచు వద్ద సుమారు 200 సార్లు తిరుగుతుంది. లోపాన్ని పసిగట్టడంలో ఈ సంగతి ఎంతో ఉపయోగపడుతుంది. చదివిన సమాచారం నుండి ప్రతి ఛానెలుకు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లుగా వెలువడతాయి. బాటపై సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర సమాచారం వరుసగా పోయినా, దోష సవరణ పద్ధతి దానిని పూర్తిగా తిరిగి రాబట్టగలదు. అంతకు మించితే ప్లేయరు ఇరుగుపొరుగు నమూనాలను బట్టి ఊహించి పూరిస్తుంది. అదీ కుదరనప్పుడు మౌనం వహిస్తుంది లేదా పాట ఎగిరిపోతుంది. అంటే పాట ఎగరడం మొదలయ్యేనాటికి యంత్రం ఎంతోకాలంగా లోలోపల ఇబ్బంది పడుతూ ఉండవచ్చును.

లక్షణాలు, కారణాలు

ట్రే తెరుచుకోకపోవడం అన్నింటికన్న సాధారణమైన ఫిర్యాదు, అన్నింటికన్న సులభమైనది కూడా. సాగిపోయిన బెల్టే దీనికి కారణం. బెల్టును స్పిరిటుతో తుడిస్తే కొన్ని వారాలు పనిచేస్తుంది, తరువాత మార్చక తప్పదు.

డిస్కు పెట్టగానే లోపం చూపడం, పాటల సంఖ్య కనిపించకపోవడం మరో లక్షణం. డిస్కులోని విషయసూచిక లోపలి అంచున ఉంటుంది. అది చదవలేకపోతే ప్లేయరు ముందుకు పోదు. లెన్సుపై దుమ్ము, అడుగు పట్టాలపై గ్రీజు గడ్డకట్టి పికప్ లోపలి అంచుకు చేరలేకపోవడం, తిప్పే మోటారు బలహీనపడి కావలసిన వేగం అందుకోలేకపోవడం, లేజరు క్షీణించడం ఇందుకు కారణాలు. ఈ నాలుగింటిలో మొదటి రెండే ఎక్కువ తరచుగా ఎదురవుతాయి. లేజరును అనుమానించడం చివరన జరగాలి.

ప్రతి డిస్కులోను మొదటి పాటలు ఎగిరి చివరి పాటలు బాగా వస్తే మోటారును, మొదటి పాటలు బాగుండి ఒక నిర్ణీత స్థానం దాటగానే ఆగిపోతే పట్టాలపై గ్రీజును, పళ్ల చక్రాలను చూడాలి. ఒకే డిస్కులో మాత్రమే ఇబ్బంది ఉంటే తప్పు యంత్రానిది కాదు. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి వేడెక్కాక పాడితే, లేదా అందుకు విరుద్ధంగా జరిగితే, పగిలిన టంకాలు, ఎండిన కెపాసిటర్లు అనుమానించదగినవి. ఫిలిప్స్ తొలి యంత్రాల సర్క్యూట్ పలకలలో రెండు వైపులను కలిపే చిన్న లోహపు గొట్టాల వద్ద టంకం పగలడం ప్రసిద్ధమైన లోపం. వాటిని తిరిగి టంకం చేస్తే చచ్చిందనుకొన్న ప్లేయరు లేచి కూర్చున్న సందర్భాలు అనేకం.

శుభ్రపరచడం

పని మొదలుపెట్టే ముందు కరెంటు ప్లగ్గు తీసివేయాలి. స్విచ్చి ఆపడం చాలదు. పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. విదేశాల నుండి వచ్చిన యంత్రమైతే వెనుక వైపు వోల్టేజి గుర్తును చూడటం మరువరాదు. జపాను యంత్రం 100, అమెరికా యంత్రం 120 వోల్టులకు తయారవుతుంది. మన 230 వోల్టులకు నేరుగా కలిపితే ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతుంది. కొన్నింటికి వెనుక వోల్టేజి మార్చే మీట ఉంటుంది, లేనివాటికి విడిగా స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అనేక పాత ప్లేయర్ల అడుగున రవాణా స్క్రూలు కూడా ఉంటాయి. ఇవి ప్రయాణంలో పికప్ కదలకుండా బిగించేవి. ఇల్లు మారినప్పుడు బిగించి, తరువాత విప్పడం మరచిన ప్లేయర్లు పాడైనవిగా భావించబడి పాత సామానులోకి పోయిన ఉదంతాలు లేకపోలేదు.

మూత తీయగానే కనిపించే దుమ్మును మెత్తని బ్రష్షుతో దులపాలి. పల్లెల నుండి వచ్చిన యంత్రాలలో చీమల పుట్టలు, సాలెగూళ్లు, విద్యుత్ సరఫరా భాగంలో మాడి అంటుకొన్న బల్లి కనిపించడం వింత కాదు. తరువాత పికప్ జరిగే పట్టాలను, పళ్ల చక్రాలను చూడాలి. కర్మాగారంలో పూసిన గ్రీజు ఇరవై, ముప్పై ఏళ్లలో జిగురుగా మారుతుంది. దానిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచివేసి, ప్లాస్టిక్కుకు హాని చేయని గ్రీజును పలుచగా పూయాలి. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె వేయడం మన వైపు ఉన్న అలవాటు. కొన్ని రోజులు బాగా జరుగుతుంది. తరువాత ఆ నూనె పాకి దుమ్మును పట్టుకొని మునుపటి కన్న గట్టిగా బిగుసుకుంటుంది. ఒక్కోసారి లెన్సు మీదికి కూడా చేరుతుంది.

లెన్సును శుభ్రపరచడానికి దూది పుల్లను ఆల్కహాల్‌లో ముంచి, పిండి, చాలా తేలికగా తిప్పాలి. లెన్సు వెంట్రుకల వంటి సన్నని తీగలపై గాని, పలుచని రేకులపై గాని వేలాడుతూ ఉంటుంది. ఎక్కువ ఒత్తితే అది శాశ్వతంగా వంగిపోతుంది. గోళ్లరంగు తుడిచే ద్రవంలోని ఎసిటోన్ ప్లాస్టిక్కు లెన్సును మసకబరుస్తుంది గనుక దానిని ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. ఫిలిప్స్ సీడీఎం-1 వంటి తొలి పికప్‌లలో గాజు లెన్సు ఉండేది. తరువాతి వాటిలో అత్యధికం ప్లాస్టిక్కువే. బజారులో అమ్మే బ్రష్షు అతికించిన లెన్సు క్లీనరు డిస్కులు పైపై దుమ్మును మాత్రమే తీస్తాయి.

లేజరు విషయం

ఈ కిరణం కంటికి కనబడదు. అందువలన అది వెలగడం లేదని భ్రమపడి లెన్సులోకి తొంగిచూడటం కంటికి ప్రమాదం. అది వెలుగుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఫోను కెమెరాను పక్కగా ఉంచి చూడవచ్చును. పరారుణ కాంతి కొన్ని కెమెరాలలో ఊదారంగు చుక్కగా కనిపిస్తుంది. డిస్కు లేకుండా ట్రే మూసినప్పుడు లెన్సు రెండు మూడుసార్లు పైకి కిందికి కదిలితే ఫోకస్ భాగం బతికే ఉన్నదని గ్రహించాలి.

పికప్ పక్కన లేజరు శక్తిని నియంత్రించే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. డిస్కు చదవని ప్లేయరులో ఆ స్క్రూను కొద్దిగా తిప్పితే అది వెంటనే పాడవచ్చును. మరమ్మతు దుకాణాలలో ఈ చిట్కా బహుళ ప్రచారంలో ఉన్నది. ఖాతాదారు సంతోషించి డబ్బు ఇచ్చి వెళతాడు. కాని లేజరు డయోడు ఎంత ఎక్కువ కరెంటు తీసుకొంటే అంత త్వరగా క్షీణిస్తుంది. కొద్ది నెలలలో అది పూర్తిగా ఆరిపోయే అవకాశం ఉన్నది. అసలు లోపం గ్రీజులోనో, దుమ్ములోనో ఉన్నప్పుడు ఇలా చేయడం బాగున్న లేజరును బలి ఇవ్వడమే. సరియైన పద్ధతి ఏమనగా, యాంత్రిక లోపాలన్నీ తొలగించిన పిదప, పికప్ నుండి వచ్చే సంకేతాన్ని ఆసిలోస్కోపులో చూడటం. ఆరోగ్యంగా ఉన్న సంకేతం వజ్రాకారపు కళ్ల వరుసలా స్పష్టంగా కనిపిస్తుంది. దానికి ఐ ప్యాటర్న్ అని పేరు. దాని ఎత్తు ఎంత ఉండాలో ఆయా నమూనాల సర్వీసు మాన్యువలులో ఉంటుంది. అనేక సోనీ పికప్‌లకు ఇది సుమారు 1 వోల్టు. స్క్రూను తాకవలసివస్తే ముందుగా దాని స్థానాన్ని గుర్తు పెట్టుకోవాలి.

పికప్ మార్చక తప్పనప్పుడు అదృష్టం నమూనాపై ఆధారపడి ఉంటుంది. సోనీ కేఎస్ఎస్-210ఏ, కేఎస్ఎస్-213 వంటివి అనేక కంపెనీల ప్లేయర్లలో వాడబడినందున వాటి నకళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. నాణ్యత మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండదు. కొత్త పికప్ స్థిర విద్యుత్తు వలన దెబ్బతినకుండా కొన్నింటిలో రెండు బిందువులను టంకంతో కలిపి పంపుతారు. బిగించిన తరువాత ఆ టంకాన్ని తీసివేయాలి. ఇది తెలియక కొత్త పికప్‌ను కూడా చెడిపోయిందని పారవేసినవారు ఉన్నారు. దక్కను పీఠభూమిలో చలికాలపు పొడిగాలి స్థిర విద్యుత్తుకు అనుకూలం గనుక, పికప్‌ను ముట్టుకొనే ముందు భూమికి కలిపిన లోహాన్ని తాకడం మంచిది.

డిస్కుల సంరక్షణ

డిస్కు అడుగు వైపు గీతల గురించి అందరూ కంగారు పడతారు గాని, నిజమైన ప్రమాదం పై వైపు ఉన్నది. అడుగున 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు కవచం ఉండగా, పైన అల్యూమినియం పూతను కాపాడేది పలుచని లక్క మాత్రమే. అది గీసుకుపోతే ఆ మేర సంగీతం శాశ్వతంగా పోయినట్లే. తుడిచేటప్పుడు మెత్తని బట్టతో మధ్య నుండి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తుడవరాదు. గుండ్రని గీత బాట వెంబడి సాగి దోష సవరణకు అందకుండా పోతుంది. టూత్‌పేస్టుతో రుద్దే గృహవైద్యం పైపై గీతలకు కొంత పనిచేస్తుంది. అపురూపమైన డిస్కులపై దానిని ప్రయోగించకపోవడం మేలు.

కొన్ని డిస్కులు వాడకపోయినా పాడవుతాయి. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో పీడీఓ కర్మాగారం 1988 నుండి 1993 వరకు తయారుచేసిన డిస్కులలో కొన్ని అంచుల నుండి కంచు రంగుకు తిరిగాయి. లక్కలోని లోపం వలన, కాగితపు అట్టల నుండి వచ్చే గంధకం పూతను తినివేయడం ఇందుకు కారణం. ఇటువంటి మరక కనిపించిన వెంటనే డిస్కును కంప్యూటరులోకి నకలు తీసుకోవాలి.

ఇంట్లో రాసుకొన్న సీడీ-ఆర్ డిస్కులను పాత ప్లేయర్లు చాలావరకు చదువుతాయి, కొన్ని తడబడతాయి. కాంతిని చాలా తక్కువగా ప్రతిఫలించే సీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్కులను చదవలేవు. 2000లలో తెలుగునాట విరివిగా అమ్ముడైన, వందకు పైగా పాటలు పట్టే ఎంపీ3 సీడీలు కూడా వీటిలో పాడవు. అవి పాడలేదని ప్లేయరును మరమ్మతుకు ఇవ్వడం వృథా.

వినడం

పునరుద్ధరించిన ప్లేయరును పరీక్షించడానికి ఘంటసాల పాటల సీడీ ఒకటి చాలు. 1974లో మరణించిన ఘంటసాల పాడిన సినిమా పాటలలో అత్యధికం మోనో రికార్డింగులు, అనగా రెండు ఛానెళ్లలోను ఉండేది ఒకే ధ్వని. గొంతు రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్య నుండి వినిపించాలి. ఒక పక్కకు ఒరిగినా, ఒక వైపు బొంగురుగా ఉన్నా, స్పీకర్ల తీగలను తారుమారు చేసి చూడాలి. లోపం కూడా పక్క మారితే అది ప్లేయరు లేదా ఆంప్లిఫయరులో ఉన్నట్లు. చాలాసార్లు అది ధ్వని బయటకు వచ్చే చోట ఎండిన కెపాసిటరే అవుతుంది.

కొన్ని సీడీల అట్టపై ఏఏడీ, ఏడీడీ, డీడీడీ అనే మూడక్షరాల గుర్తు ఉంటుంది. రికార్డింగు, మిక్సింగు, చివరి మాస్టరు అనే మూడు దశలు అనలాగా, డిజిటలా అనేదానిని ఈ అక్షరాలు వరుసగా తెలుపుతాయి. పాత తెలుగు పాటల సీడీలలో చాలావరకు టేపుల నుండి తీసినవే కనుక వాటిలో వినిపించే సన్నని బుస ప్లేయరు దోషం కాదు. ఒక సినిమాలోని పాటల నిడివి సాధారణంగా అరగంటకు మించదు. సీడీలో 74 నిమిషాలు పడతాయి. అందువలన ఒకే డిస్కులో రెండు చిత్రాల పాటలు ఉంచడం పరిపాటి అయింది. రెండవ చిత్రం పేరు తరచు చిన్న అక్షరాలలో ఉంటుంది గనుక పాత అంగడులలో సీడీల వీపు మాత్రమే చూసి వదిలివేయరాదు.

తొలి కాలపు సీడీలలో కొన్నింటిని హెచ్చు స్థాయి స్వరాలను కొంత పెంచి రికార్డు చేశారు. ప్లేయరు డిస్కులోని సంకేతాన్ని గుర్తించి వాటిని తిరిగి తగ్గిస్తుంది. 1980ల ప్లేయర్లన్నింటిలో ఈ ఏర్పాటు ఉన్నది. కంప్యూటరులోకి నకలు తీసేటప్పుడు కొన్ని సాఫ్టువేర్లు ఈ సంకేతాన్ని పట్టించుకోవు, అప్పుడు పాట కీచుగా వినిపిస్తుంది. అటువంటి డిస్కు నకలు సరిగా వచ్చిందా లేదా అని పోల్చి చూసుకోవడానికి పాత ప్లేయరును ఇంట్లో ఉంచుకోవడం ఉపయోగకరం.